గురూజీ తిట్టిన రోజు

మోషే కంప్యూటర్ల మీది గుడ్డ తొడుగులు ఒక్కొక్కటే తీసి మడతపెడుతున్నాడు. తెరలు తుడిచాడు. కీబోర్డులు బోర్లించి, వెనక మెల్లగా తట్టి దుమ్ము దులిపాడు. కింద గాంధీచౌక్‌లో చీరల దుకాణాల షట్టర్లు లేస్తున్నాయి. వేసవి ఎండ అప్పుడే కిటికీ గూట్లోకి వచ్చి కూర్చుంది.

నలభైకి దగ్గరపడుతున్న సన్నటి మనిషి. కళ్లద్దాల కాలు ఒకటి విరిగితే నల్లదారంతో కట్టుకున్నాడు. చొక్కా జేబు అంచుకు ఎప్పుడూ సుద్ద అంటి ఉంటుంది. అతని బాపు బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీకి చెరకు బండ్లు దించే హమాలీ. కొడుకు నీడపట్టున కూర్చుని పనిచేయాలన్నది ఒక్కటే ఆయన కోరిక. అది తీరింది. ఈ మేడమీది ఇన్‌స్టిట్యూట్‌లో మోషే ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాడు. నేర్చుకున్నవాళ్లు హైదరాబాదు పోయేవారు. అతను కొత్త బ్యాచ్‌కు మళ్లీ మొదటి పాఠం అందుకునేవాడు.

గోడ గడియారం కింద ఒక ఫోటో ఉంది. పత్రికలోంచి కత్తిరించి అద్దం కట్టించాడు. పుణెలో ఉండే దేవ్‌ధర్ ఆయన. ప్రోగ్రాములు రాసుకోవడానికి పనికొచ్చే ఒక సాఫ్ట్‌వేర్ తయారుచేసి, పైసా తీసుకోకుండా లోకానికి ఇచ్చేశాడు. అందరూ ఆయనను గురూజీ అంటారు. పరీక్ష రోజు పిల్లలు ఆ అద్దానికి కుంకుమ బొట్టు పెట్టేవారు. మోషే చర్చికి వెళ్లే మనిషి, అయినా తుడిచేవాడు కాదు. పైగా గురూజీలాగే గడ్డం పెంచాడు.

"గా గడ్డమేందయ్యా, సన్నాసులల్ల కలుస్తవా?" అని భార్య రూతమ్మ బీడీలు చుడుతూ నవ్వేది.

గురూజీ అభిమానులంతా ఇంటర్నెట్‌లో ఒకచోట చేరి ఉత్తరాలు రాసుకునేవారు. మోషే రోజూ చదివేవాడే కానీ ఎన్నడూ నోరు విప్పలేదు. పోయిన వారం మాత్రం ధైర్యం చేసి, తాను తయారుచేసిన చిన్న ప్రోగ్రాంను అక్కడ పెట్టాడు. ఇంగ్లీషు రాని పల్లె పిల్లలకు కీబోర్డు నేర్పేది అది. ఎన్నో ఆదివారాలు దాని మీదే గడిచాయి. ఈ పొద్దున నెట్ సెంటర్‌లో చూస్తే జవాబు వచ్చి ఉంది. రాసింది గురూజీయే. మోషే దాన్ని ప్రింటు తీయించుకుని, నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. దారి పొడవునా ఆ జేబు మీద చేయి ఉంచుకునే వచ్చాడు.

క్లాసు నిండింది. అతను కాగితం విప్పాడు.

"ఇగో సూడుండ్రి. గురూజీ నాకు రాసిండు. నా పేరు పెట్టి రాసిండు."

పిల్లలు చప్పట్లు కొట్టారు. ముందు వరుసలో రాజమల్లు లేచి, "ఏం రాసిండు సార్? సదువుండ్రి," అన్నాడు.

మోషే ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్పాడు. "మోషే, ఇంత చెత్త ప్రోగ్రాం నేనెన్నడూ చూడలేదు. నీవంటివాడు పాఠాలు చెబుతున్నాడంటే ఆ పిల్లల మీద జాలి కలుగుతోంది." కింద అభిమానులు రాసిన వెక్కిరింతలున్నాయి. ఆ భాగాన్ని వేళ్లతో వెనక్కి మడిచాడు.

వెనక వరుసలోంచి గంగామణి లేచింది. ధర్పల్లి నుంచి బస్సులో వచ్చే పిల్ల. అడుగుతూ అడుగుతూ నేర్చుకునే రకం.

"సార్, గిది తిట్టు గద?"

"పెద్దోళ్లు తిడితే దీవెన లెక్క."

"గట్ల గాదు సార్. మేమందరం మీ ప్రోగ్రాంతోనే నేర్చుకున్నం. నాకైతే ఏ అక్షరం ఏడుంటదో గూడ తెల్వకుండె. మా సంగతి ఆయనకేం తెల్సు? జాలి పడెతందుకు ఆయనెవలు?"

ఆ పిల్ల గొంతులో కోపం ఉంది. సార్ కోసమే ఆ కోపం. మోషేకు అది అర్థమయింది. అర్థమైనందుకే ఒళ్లు మండింది. పొద్దుటి నుంచి జేబులో అణచిపెట్టిందంతా ఒక్కసారిగా గొంతులోకి వచ్చింది.

"గురూజీని అడిగేదానివైనవా? నీకెందుకే కంప్యూటరు? ధర్పల్లికి పోయి మీ అవ్వతోని బీడీలు సుట్టుకో, పో!"

ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత క్లాసంతా నవ్వింది. గంగామణి కాసేపు బల్ల అంచు పట్టుకుని నిలబడింది. "మంచిది సార్" అంది. బల్లల మధ్యనుంచి నడిచి బయటికి వెళ్లిపోయింది.

మోషే బోర్డు వైపు తిరిగి పాఠం మొదలుపెట్టాడు. ఆ నవ్వు అతనికి కొత్త. ఇన్నాళ్లూ గడ్డం చూసో కళ్లద్దాల దారం చూసో నవ్వు తన మీదే పడేది, ఇవాళ తన పక్షాన నిలిచింది. అందులో సుఖం ఉంటుందనుకున్నాడు. రాసిన లైనే మళ్లీ రాశాడు. రాజమల్లు చెబితే తుడిచాడు. చేతిలో సుద్దముక్క విరిగింది.

"ఇయ్యాలకు చాలు," అన్నాడు, గడియారం చూడకుండానే.

పిల్లలు వెళ్లిపోయారు. అతను గదిలో నిలబడలేకపోయాడు. మెట్లు దిగి రోడ్డు మీదికి పరుగెత్తాడు. కాళ్లకు చెప్పులు లేవన్న సంగతి తారు కాలితేనే తెలిసింది. అరికాళ్లు బొబ్బలెక్కుతున్నా బస్టాండు దాకా ఆగలేదు. ధర్పల్లి బస్సు నిలబడేచోట నేల ఖాళీగా ఉంది.

"బస్సు పోయింది సార్," అన్నాడు బఠానీలు అమ్మే భోజన్న. "గా పిల్ల ఉత్తకాళ్లతోని ఏడ్సుకుంట ఎక్కింది. మీ తాన సదువుకునే పిల్లనే గద?"

మోషే తలూపాడు. అవునన్నాడో కాదన్నాడో భోజన్నకు తెలియలేదు.

తిరిగి వచ్చి మెట్లెక్కాడు. దుమ్ము పడుతుందని కంప్యూటర్ల గదిలోకి ఎవరినీ చెప్పులతో రానివ్వరు, అందరూ గుమ్మం బయట విడుస్తారు. అతని చెప్పుల పక్కన ఇంకో జత మిగిలి ఉంది. నీలం పట్టీల రబ్బరు చెప్పులు, ఒకటి తిరగబడి, ఊడిన పట్టీకి గుచ్చిన పిన్నీసు ఎండకు మెరుస్తూ.