పండుం ముందటి గురువారం

ఆ వానాకాలం మొదట్లో ముత్తయ్య చేతిలో ఉన్నవి ఇవి: భోపాల్‌పట్నంలో రోడ్డు మీదికి ఒక దుకాణం, దాని వెనక గోదాం, ఎక్కడికైనా మోసుకుపోగల ఒక కాంటా, పాత ట్రాలీ ఆటో, నాలుగు భాషల్లో బేరం చేయగల నాలుక, మాట వినే కూతురు, మాట వినని భార్య. చేతిలో లేనిది ఒక్కటే. మూడేళ్ల కిందట జారిపోయిన ఒక గురువారం. అది మళ్లీ దొరికే సంత ఏదీ లేదని ముత్తయ్య ఎప్పుడో తేల్చుకున్నాడు.

వానలు దిగితే అడవి సరుకు నిలిచిపోతుంది. ఇప్పపువ్వు, చింతపండు, మామిడి ఒరుగులు అన్నీ ఎండాకాలపు రాబడులే. ఆ ఖాళీ మధ్యాహ్నాల్లోనే కూతురు వినీత నర్సింగ్ కాలేజీ సెలవులకు ఇంటికి వచ్చి, తన ఫోన్‌ను టీవీకి కలిపి, వరసగా ఒకే తీరు సీరియళ్లు పెట్టడం మొదలుపెట్టింది. ఒకదాంట్లో ఓడలో వంటవాడు. తమ్ముడితో తగువుపడి విడిపోయిన రోజే అతనికి ప్రతిసారీ తెల్లవారుతుంది. ఇంకొకదాంట్లో రైలు తప్పిపోయిన పెళ్లికూతురు. ఎన్నిసార్లు కళ్లు తెరిచినా అదే స్టేషను, అదే గడియారం. మరొకదాంట్లో ఒక ముసలాయన ఇరవై ఏళ్ల వయసుకు వెనక్కి వెళ్లి, అప్పుడు వద్దన్న ఉద్యోగాన్ని ఒప్పుకుంటాడు.

ముత్తయ్య మొదట వెక్కిరించాడు. ఓడ వంటవాడు రోజూ అదే చేపను కోస్తుంటే ఆ చేప నష్టం ఎవరిదని అడిగాడు. తర్వాత తర్వాత దుకాణం షట్టరు సగం దించి, వినీత కంటే ముందే వచ్చి కూర్చునేవాడు. వంటవాడు ఈసారి తమ్ముడితో ఏ మాటతో మొదలుపెడతాడోనని చెవి ఒగ్గేవాడు. భార్య సోమక్క వక్కలు కత్తిరిస్తూ టీవీని కాక మొగుడి మొహాన్ని చూసేది.

ఎనిమిదో భాగమో తొమ్మిదో భాగమో అయ్యాక ఒకరోజు ముత్తయ్యకు కోపం వచ్చింది.

"ఇదేం బేరమే బిడ్డా," అన్నాడు వినీతతో. "తప్పు చేసినోనికి అన్నీ యాదికుంటయి. పడ్డ తమ్మునికి ఒక్కటి యాదికుండది. వీడు పొద్దుగాల లేసి తియ్యగ మాట్లాడితే అయిపాయె. పడ్డోడు మరిచిపోయినంక మాఫీ అడిగేదేంది?"

"మరి నీకు ఒక్కరోజు మళ్లిస్తే ఏ రోజు తీసుకుంటవ్ బాపూ?" అంది వినీత.

ఏ రోజూ అక్కర్లేదని, తన రోజులన్నీ సరిగ్గానే తూగాయని ముత్తయ్య చెప్పాడు. సోమక్క అడకత్తెర కింద పెట్టింది.

"ఇర్మెను కాదన్న బేస్తారం," అంది. గురువారాన్ని ఆమె అలాగే అంటుంది.

ఆ సంగతి వినీతకు అంతవరకు తెలియదు. సోమక్కే చెప్పింది. వెదురుగూడెం సంత గురువారం. అక్కడి దోర్ల తెగ కుటుంబాలన్నీ ఒకప్పుడు ముత్తయ్య కాంటాకే సరుకు తెచ్చేవి. వాళ్లలో ఇర్మె ముందుండేది. ఆమె ఎండబెట్టిన మామిడి ఒరుగులు ముట్టుకుంటే గలగలమనేవి. ముత్తయ్యను అన్నా అని పిలిచేది. ఆ ఊళ్లో మామిడి పండుం అనే పండుగ చేసి, కొత్త కాయను ముందు దేవుడికి పెట్టేదాకా ఎవరూ కాయ కోయరు, కొరకరు, అమ్మరు. ముత్తయ్యకు ఇది తండ్రి నాటి నుంచీ తెలుసు. కానీ ఆ ఏడు నిజామాబాద్ వ్యాపారి ఒకాయన అందరికంటే ముందు వచ్చే సరుకుకు మంచి ధర పలికాడు. పండుం ఇంకా పది రోజులుండగానే, గాలికి రాలిన కాయలకు తప్పు లేదులే, ఒక్క గంప ఎండబెట్టి తెమ్మని ముత్తయ్య ఇర్మెకు నచ్చజెప్పాడు. ఆమె తెచ్చింది. మూట విప్పగానే కొత్త మామిడి పులుపు చుట్టుపక్కల నలుగురి ముక్కులకూ తగిలింది.

ఊరి పటేల్ హుంగా వచ్చి సంత నడుమ నిలబడి, తెమ్మని నువ్వు అడిగావా అని ముత్తయ్యను అడిగాడు. కాంటా మీద అంకెలు కుదురుకునేంత సేపట్లో ముత్తయ్య రెండు వైపులా తూచాడు. అవునంటే ఊరంతా దూరమవుతుంది, కాదంటే ఒక్క మనిషే. అడగలేదని చెప్పాడు. ఇర్మె మూట కట్టుకుని వెళ్లిపోయింది. తన ఆడమేకను ఇచ్చి బదులుగా ఒక పోతును తెచ్చి, ఊరికి తప్పు చెల్లించుకుంది. మరుసటి వారం ఊరి ఆడవాళ్లు ఒక్కొక్కరే ముత్తయ్య కాంటా ముందు నుంచి నడిచి పక్క కాంటాకు వెళ్లారు. ఒక్కరూ తిట్టలేదు. రెండు వారాలు చూసి అతను గురువారాలు వేరే సంతకు మార్చుకున్నాడు.

చెప్పడం ముగించి సోమక్క వక్క నోట్లో వేసుకుంది.

"టీవీల వంటోనికి అదే రోజు మళ్లొస్తదంటే నోరు తెర్చి చూస్తవు," అంది. "నీకు రాట్లేదా? వారం వారం అదే సంత, అదే ఇప్పచెట్టు, అదే మనుషులు. మూడేండ్ల నుంచి వస్తనే ఉన్నది. నువ్వే పక్క సంతకు పోతున్నవ్."

ముత్తయ్య వేళ్ల మీద లెక్క వేశాడు. ఏడాదికి యాభై రెండు. మూడేళ్లకు నూట యాభై పైన. అన్ని గురువారాలు ఎవరో ఊరికే ఇంటి ముందు దించి వెళ్తుంటే ఒక్కటీ లోపలికి ఎత్తుకోలేదు. తప్పు సంగతి అటుంచి, ఇంత సరుకు వాన పాలు చేసినందుకు వ్యాపారిగానే సిగ్గనిపించింది.

జూలై ఆఖరి గురువారం కాంటా వేసుకుని వెదురుగూడెం వెళ్లాడు. ఇప్పచెట్టు కింద అతని పాత జాగాలో ఉప్పూ ఎండుచేపలూ అమ్మే కిషోర్ పట్టా పరుచుకుని ఉన్నాడు. సేఠ్‌జీ దారి తప్పి వచ్చారా అంటూ సగం జాగా ఇచ్చాడు. ముత్తయ్య ఓడ వంటవాడిలా మాటలన్నీ ముందే అనుకుని వచ్చాడు. ఒక చీర కూడా తెచ్చాడు. ఇర్మె వెదురు కొమ్ముల గంపతో రాగానే ఎదురెళ్లాడు. ఆమె ఆగలేదు.

"జరుగు సేఠ్, గంప దించుకోవాలె."

అన్నా పోయి సేఠ్ వచ్చింది. అనుకున్న మాటలేవీ అనకుండానే ముత్తయ్య కాంటా దగ్గరికి తిరిగొచ్చాడు. చీర సాయంత్రం దాకా కాంటా పక్కన మడతపెట్టే ఉంది. అది ఎంతకిస్తారని కిషోర్ రెండుసార్లు అడిగాడు.

రెండో వారం ఆమెను వదిలి పటేల్ హుంగా దగ్గరికి వెళ్లాడు. అతన్ని పక్కకు పిలిచి, ఆనాటి తప్పు తనదేనని చెప్పాడు. హుంగా పొగాకు నలుపుతూ అంతా విన్నాడు.

"ఆ మాట నువ్వు నా చెవుల చెప్పలే," అన్నాడు. "సంతల చెప్పినవ్. కాయ చెట్టు మీద ఉన్నప్పుడు చెప్పినవ్. అక్కడనే, అప్పుడే చెప్పాలె."

కాయ పట్టడానికి ఇంకా ఎనిమిది నెలలు. సీరియల్లో అయితే తెర ఒకసారి నల్లబడి వెలిగేసరికి ఆ కాలమంతా గడిచిపోతుంది. ఇక్కడ ప్రతి గురువారమూ కాంటా ఎత్తాలి, బురదలో ఆటో నెట్టాలి, ఎవరూ రాని చోట పొద్దంతా కూర్చోవాలి. ముత్తయ్య కూర్చున్నాడు. ఒక వారం వాగు పొంగి ఆగిపోయాడు, ఒక వారం జ్వరంతో. మిగతావన్నీ వెళ్లాడు. కాలేజీకి తిరిగి వెళ్లిన వినీత ప్రతి గురువారం సాయంత్రం ఫోన్ చేసి, ఎన్నో భాగం బాపూ అని అడిగేది. అతను అంకె చెప్పేవాడు.

మూడో వారం ఇర్మెను నవ్వించబోయి భంగపడ్డాడు. ఐదో వారం నుంచి నోరు మూసుకుని చూడటం నేర్చుకున్నాడు. ఇర్మె రెండు వాగులు దాటి వస్తుందని అప్పుడే తెలిసింది. సంతకు వచ్చాక సరుకు అమ్ముడుపోయేదాకా ఏమీ తినదని తెలిసింది. ఇన్నేళ్లూ ఆమె గంపను తూచాడు కానీ అది ఎంత దూరం నుంచి వస్తుందో అడగలేదు. చలి ముదిరిన రోజుల్లో మంగి అనే ముసలావిడ చీపురుగడ్డి కట్టను అతని కాంటా మీద కాదు గానీ, కాంటా పక్కన నేల మీద పెట్టి కూర్చుంది. కాసేపు కాళ్లు చాపుకుని లేచి వెళ్లింది. ఆ రోజు ఫోన్లో అంకెతో పాటు అది కూడా చెప్పాడు.

ఏప్రిల్ వచ్చింది. ముత్తయ్య వెళ్లిన ముప్పై ఆరో గురువారం, సంత నిండుగా ఉన్న వేళ, హుంగా నడుమ నిలబడి వచ్చే ఆదివారం మామిడి పండుం అని చాటాడు. ముత్తయ్య కాంటా వదిలి లేచాడు. దోర్లీలో మొదలుపెట్టి, మాట తడబడి తెలుగులోకి వచ్చాడు.

"పటేలా, నాలుగేండ్ల కింద ఇక్కడనే నన్నొక మాట అడిగినవ్. ఇయ్యాల మళ్ల అడుగు."

హుంగా సంత వైపు తిరిగాడు. తర్వాత అందరికీ వినపడేలా, ఆనాటి గొంతుతోనే అడిగాడు. "ఆ ఒరుగులు తెమ్మని నువ్వు అడిగినవా?"

"నేనే అడిగిన. పండుం కాలేదని ఎరిగే అడిగిన. ఇర్మె వద్దన్నది, నేనే ఒప్పించిన. అడగలేదని మీ అందరి ముంగట అబద్ధమాడిన."

కిషోర్ ఉప్పు తూచడం ఆపాడు. ఎక్కడో గంప కింద కోడి ఒకటి అరిచి ఊరుకుంది. ముత్తయ్య ఆటోలో కట్టేసి తెచ్చిన మేకపోతును విప్పి ఇర్మె ముందు నిలబెట్టాడు. ఆమె వంగి దాని కడుపు కింద చూసి నిటారుగా నిలుచుంది.

"నాది ఆడమేక, ఇది పోతు. నాది ఉంటే ఇన్నేండ్లకు ఎన్ని పిల్లలు పెట్టేదో లెక్క నీకు తెలియదా సేఠ్?"

సంతంతా నవ్వింది. ముత్తయ్యకు లెక్క తెలుసు. పిల్లల పిల్లలతో సహా తెలుసు. జీవితంలో ఎన్నడూ లెక్కలో దొరికిపోయి ఇంత సంతోషపడలేదు. నాలుగేళ్ల తర్వాత ఆమె అతనితో అన్న నిండు మాట అది. హుంగా తీర్పు చెప్పాడు: పోతు పండుంకు, వచ్చే వారం ఒక చూలుమేక ఇర్మెకు, పండుం అయ్యేదాకా ముత్తయ్య తన ఇంట్లో అయినా మామిడికాయ ముట్టకూడదు. ఆ రాత్రి సోమక్క వండిన మామిడికాయ పప్పును అతను ముట్టలేదు. ఆమె మాత్రం వేళ్లు నాకుతూ తింది.

ఆదివారం పండుంలో అందరితో పాటు కూర్చుని, ఉప్పు అద్దిన కొత్త మామిడి ముక్క తన వంతు వచ్చాకే తిన్నాడు. తర్వాతి గురువారం చూలుమేకను అప్పజెప్పాడు. ఇర్మె దాని పళ్లు, పొదుగు, గిట్టలు అన్నీ చూసుకుని తోలుకుపోయింది. ఆ రోజు ఆమె కాంటా దగ్గరికి రాలేదు. ఆదివారం తర్వాత కోసిన కాయ అప్పటికి సగమే ఎండి ఉంటుందని ముత్తయ్య తనకు తాను చెప్పుకున్నాడు.

ఆ పై గురువారం ఆమె గంప తెచ్చి నేరుగా అతని కాంటా మీద దించింది.

"తడి లేదు. చూసుకో అన్నా."

ముత్తయ్య అలవాటుగా మోచేతి దాకా చెయ్యి లోపలికి దింపి, అడుగు నుంచి ఒక ముక్క తీసి వంచాడు. అది విరగలేదు, వంగింది. తడి ఉందన్నాడు. అది ఒక్కటేనంది. ఇంకో రెండు తీశాడు. కావాలని వెతికి తీస్తున్నావని ఆమె చెయ్యి మీద ఒక్కటి వేసింది. ఇద్దరూ గట్టిగా వాదించుకున్నారు. మంగి తన గంపతో వెనక వరసలో నిలబడి, తొందరగా తెమల్చమని ఇద్దరినీ కసిరింది.

ఆ సాయంత్రం వినీత ఫోన్ చేసి, సీరియల్లో వంటవాడు చివరికి ఆ రోజు నుంచి బయటపడ్డాడని, అతనికి కొత్త పొద్దు తెల్లవారిందని చెప్పింది. వాడికి బాగానే ఉంది గానీ, తనకు బయటపడాలని లేదన్నాడు ముత్తయ్య.

ఆఖరి లెక్క ఇది. పోయినవి: ముప్పై ఎనిమిది గురువారాలు, ఒక మేకపోతు, ఒక చూలుమేక, ఎవరూ కట్టుకోని ఒక చీర, సంత నడుమ కాస్త పరువు. వచ్చినవి: మూడు తడి ముక్కలున్న ఒక గంప ఒరుగులు, దాని వెనక నిలబడ్డ ఇంకో గంప, చెయ్యి మీద ఒక దెబ్బ, అన్నా అన్న పిలుపు, వచ్చే గురువారం.