వెనక్కి తిరగలేని చోటు

శాంటియాగోలో విమానం లేచిన దగ్గర్నుంచీ పెతెరో మనసు మనసులో లేదు. అతను కో-పైలట్. వెనక మూడో వరసలో అతని తండ్రి ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో పడుకుని ఉన్నాడు. రేపో మాపో అని డాక్టర్లు చేతులెత్తేశారు. పుట్టిన రాపా నుయి దీవిలో కన్ను మూయాలన్నదొక్కటే ముసలాయన కోరిక.

ఆ దారి మహా పెంకిది. మూడువేల ఏడువందల కిలోమీటర్ల పైమాటే, ఐదున్నర గంటల ప్రయాణం, మధ్యలో దిగడానికి జానెడు నేల లేదు. దీవిలో ఉన్నది ఒకటే రన్‌వే. అందుకే అది ఖాళీగా ఉందన్న కబురు సగం దారిలోపే అందాలి. ఆ చోటు దాటాక వెనక్కి తిరిగితే ఇంధనం చాలదు.

కబురింకా రాలేదు. పొద్దున అక్కడొక సరుకు విమానం టైరు పగిలి రన్‌వే మధ్యలో కూలబడింది.

"మీ వాళ్ళు నిద్రపోతున్నారా ఏంటి?" అని విసుక్కుంది కెప్టెన్ హిమేనా.

అంతలో రేడియో గరగరమంది. అవతల తేపానో, పెతెరో మేనమామ కొడుకు. దీవి నుంచి విమానాలకు కబుర్లందించేది అతనే.

"వచ్చెయ్యండి బావా! రన్‌వే ఖాళీ. మామయ్య కోసం ఊరంతా పూలదండలతో కంచె దగ్గరే ఉంది. మట్టిపొయ్యిలో చేపలు కూడా పెట్టేశాం."

పెతెరోకి ప్రాణం లేచొచ్చింది. మరుక్షణమే అనుమానం పట్టుకుంది. అడగని తిండి సంగతులు తేపానో ఎత్తాడంటే ఏదో దాస్తున్నట్టే.

"నీ కళ్ళతో చూశావా?"

"చూసేదేముంది? ట్రాక్టరు కట్టారు. మీరొచ్చేసరికి తీసేస్తారు."

"అసలది కదిలిందా, లేదా?"

"లేదు బావా, ఇరుసు విరిగింది. మామయ్యని వెనక్కి తీసుకెళ్ళమని ఏ నోటితో చెప్పను?"

"ఇందులో రెండొందల మంది ఉన్నార్రా వెధవా!"

హిమేనా మెల్లగా అంది. "నువ్వేం అనక్కర్లేదు. నేనే తిప్పుతాను."

"వద్దు కెప్టెన్, నేనే అంటాను. వెనక్కి తిప్పేద్దాం."

సొంత చేతులతో తండ్రి గొంతు నులిమినట్టనిపించింది అతనికి.

విమానం మళ్ళాక, కెప్టెన్‌ని అడిగి వెనక్కి వెళ్ళాడు. తండ్రి పక్కనే కూర్చున్న ఆయన చెల్లెలు మెరాహి అత్త అతన్ని చూడగానే మండిపడింది. "కన్నతండ్రిరా! ఆయన కోసమైనా ముందుకు పోలేకపోయావా?"

తండ్రి కళ్ళు సగం మూతపడే ఉన్నాయి. కొడుకు చేతి కోసం తడుముకున్నాడు.

"దీవి... కనిపిస్తోందా?"

కిటికీ అవతల మబ్బులు, నీళ్ళు తప్ప ఏమీ లేవు. పెతెరో ఆ చెయ్యి పట్టుకుని తండ్రి చెవి దగ్గరికి వంగాడు.

"కనిపిస్తోంది నాన్నా. ఒడ్డుకొచ్చేశాం."

మెరాహి అత్త అతనివైపు కొరకొరా చూసింది. తర్వాత అన్న రెండో చేతిని తన ఒళ్ళోకి తీసుకుంది.

"అవునన్నయ్యా, దిగుతున్నాం" అంది.