పిన్ని వైపు జరిగిన కణాలు

ఇందులో ఒక్క ముక్క అబద్ధమైనా నా నోట్లో మిగిలిన మూడు పళ్ళూ రాలిపోవాలి.

మా ఊరి ప్రయోగశాలలో ఒక పిల్ల ఉండేది. అందరూ కణాల పిల్ల అనేవారు. మనిషి ఊపిరితిత్తుల్లో దుమ్మునీ క్రిముల్నీ పట్టి మింగేసే కాపలా కణాలుంటాయి. ఆపరేషన్‌లో తీసేసిన ఊపిరితిత్తి ముక్కలు తెచ్చి, వాటిలోంచి ఆ కణాల్ని వేరుచేసి గాజు పళ్ళేల్లో పెంచడం ఆ పిల్ల పని. ఒంటి వెచ్చదనమే ఉండే పెట్టెలో పెట్టి, రెండు రోజులకోసారి వాటికి తిండైన గులాబీరంగు నీళ్ళు మార్చాలి. సూదిమొన మీద లక్ష పడతాయి గానీ, ఆకలి మాత్రం ఏనుగుది.

అక్కడ గాజుసామాను కడిగేది పిన్ని, అందరికీ పిన్నే. ఆ కుప్ప ముందు కొండలు సిగ్గుపడాలి. ఆవిడ దగ్గితే రెండు వీధుల అవతల కుక్కలు లేచి కూర్చునేవి. రెండు నెలల్లో చిక్కి సగమైంది.

"డాక్టరుకి చూపించుకో పిన్నీ."

"సబ్బు ఘాటేలే. నువ్వు నీ పురుగుల్ని చూసుకో తల్లీ."

ఒక సోమవారం చూస్తే కణాలన్నీ పళ్ళెంలో ఒకే అంచుకి చేరాయి. పెట్టెలో అర వాలిందనుకుంది పిల్ల. రసమట్టం పెట్టి చూసింది, తిన్నగానే ఉంది. పళ్ళెం తిప్పి పెట్టింది. తెల్లారేసరికి మళ్ళీ అటు పక్క గోడ వైపే. గోడ అవతల పిన్ని కడిగే తొట్టి. పిన్ని రాని రోజు మాత్రం ఎక్కడివక్కడ సర్దుకున్నాయి.

ప్రయోగశాల నడిపే పెద్దసారు మైక్రోస్కోపులో కన్ను పెట్టి, "ఆవిడ దగ్గరికి పోతున్నాయమ్మా. తినాల్సిందేదో అక్కడుంది. ఎక్స్‌రే తీయించు" అని టీకి వెళ్ళిపోయారు.

పిన్ని ససేమిరా అంది. "ఏదో ఉందంటే పనిలోంచి తీసేస్తారు. నేను రాను."

పిల్ల ఆవిణ్ణి బలవంతాన స్టూలు మీద కూలేసి పళ్ళెం చూపించింది. ముందున్న కణాలు గాజుకి అతుక్కుపోయాయి, వెనకవి వాటి మీదికెక్కి తోసుకుంటున్నాయి.

"ఇవన్నీ నా వైపేనా?"

"నీ వైపే."

"వీటికి కళ్ళున్నాయా?"

"లేవు."

"ఇరవయ్యేళ్ళలో కళ్ళున్నవాళ్ళెవరూ ఇటు చూళ్ళేదే" అంటూ పిన్ని చేతులు తుడుచుకుంది. "పద."

క్షయ. ఇంకో నెల ఆగితే చెయ్యి దాటిపోయేదన్నాడు డాక్టరు. ఆరు నెలలు మాత్రలు మింగాలి, మొదట్లో ఇల్లు కదలకూడదు. ఉద్యోగం ఎక్కడికీ పోదని పెద్దసారు కాగితం రాసిచ్చారు.

అప్పట్నించీ కణాలు పిన్ని ఇంటి వైపు తిరిగి కూర్చున్నాయి. మాత్రలు పనిచేస్తున్నకొద్దీ అంచు వదిలి మెల్లగా వెనక్కి వచ్చేవి. నిన్న మాత్రం మళ్ళీ గాజుకి అతుక్కుపోయాయిట. అంటే ఆ మహాతల్లి మాత్రలు దిండు కింద దాచిందన్నమాట.

ఇంకా నా కథ వింటూ కూర్చున్నావేం? ముక్కుకి గుడ్డ కట్టుకుని పిన్ని ఇంటికెళ్ళు. మింగేదాకా ఎదురుగా కూర్చో. నాలుక ఎత్తించి, కింద కూడా చూసి రా.