పాత పేజీ జవాబు

ఆఫీసులో నాకు ‘పర్లేదు’ అని పేరు పెట్టారు. ఎవరు ఏ లోపం చూపించినా నా నోట ముందుగా వచ్చే మాట అదే. అది నాకు అక్క దగ్గర అబ్బింది. చిన్నప్పుడు నేనేం పగలగొట్టినా అక్క చప్పుడు లేకుండా ముక్కలు ఏరి పారేసి, పర్లేదులే అనేది.

ఒక ఆసుపత్రి ల్యాబుకి వెబ్‌సైటు తయారుచేశాం. రోగి పేరు నొక్కగానే పేజీ తెరుచుకుంటుంది, రిపోర్టు ఆ తర్వాత నింపాదిగా వస్తుంది. ఆ తెలివి నాదే. రిపోర్టు వచ్చేదాకా పాత పేజీలోనే ఆపేస్తోందని నర్సులు విసుక్కుంటుంటే అలా మార్చాను. అందరూ మెచ్చుకున్నారు, నేను ఉబ్బిపోయాను.

టెస్టింగ్ చేసే ఆమె మాత్రం నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది. ఒక పేరు నొక్కి, రిపోర్టు రాకముందే ఇంకో పేరు నొక్కితే, మొదటి మనిషి రిపోర్టు తీరిగ్గా వచ్చి రెండో మనిషి పేరు కింద కూర్చుంటోందట. వందలో ఒకసారి అంది. పేజీ మారగానే, పాత పేజీ కోసం సర్వరు పంపే జవాబుని పారేసేలా నాలుగు లైన్లు రాస్తే చాలని నాకు తెలుసు.

“పర్లేదు, వచ్చే నెల చూద్దాం,” అన్నాను.

వచ్చే నెల వేరే పని నెత్తిన పడింది. అక్క రొమ్ములో గడ్డ కనిపించింది కూడా అప్పుడే. మా వెబ్‌సైటు ఉన్న ఆసుపత్రే కదా అని నేనే పరీక్షకి అక్కడికి పంపాను. కౌంటర్లో నర్సు తెర చూసి, ప్రమాదం లేని గడ్డేనని చెప్పింది. ఆ రోజు అక్కా నేనూ గంటసేపు ఫోన్లో నవ్వుకున్నాం.

ఐదు నెలలకి గడ్డ పెరిగింది. డాక్టరు పాత రిపోర్టు తెరిస్తే అందులో మొదటినుంచీ క్యాన్సరనే ఉంది. ఇప్పుడది ఊపిరితిత్తులకి పాకింది. తప్పు చదివిందని నర్సుని ఉద్యోగంలోంచి తీసేశారు. తెర మీద ఉన్నదే చదివానని ఆమె ఎంత మొత్తుకున్నా ఎవరూ నమ్మలేదు. బావ ఆమె మీద కేసు పెడతానని తిరుగుతున్నాడు.

నేను సర్వరు రికార్డు తీసి చూశాను. అక్క పేరుకి ముందు నర్సు ఇంకెవరి పేరో నొక్కింది. ఆ రిపోర్టు రెండు సెకన్లు ఆలస్యంగా వచ్చి అక్క పేరు కింద కూర్చుంది. కూర్చుని ఆ నాలుగు లైన్లూ రాసేసి, అక్కని చేర్చిన ఆసుపత్రికి వెళ్లాను.

బావ మందుల కోసం కిందికి వెళ్లినప్పుడు అక్కకి అంతా చెప్పాను. తప్పు నర్సుది కాదు, నాదని, నాకు ముందే చెప్పారని కూడా చెప్పాను.

“ఇప్పుడు సరిచేశావా?”

“చేశానక్కా.”

“ఎంతసేపు పట్టింది?”

“పది నిమిషాలు.”

సిగ్గులేకుండా ఇంకా ఆ ‘పర్లేదులే’ కోసమే అక్క మొహంలోకి చూస్తూ కూర్చున్నాను. అక్క దుప్పటి భుజాల దాకా లాక్కుని గోడవైపు తిరిగింది.

“మీ బావ వచ్చాక ఆయనకీ నువ్వే చెప్పు,” అంది.