నాలుగు వైపులా దీపాలు

తెల్లారగానే ఆ వీధిలో మొదట వినిపించేది పరుపుల కొట్టు షట్టరు చప్పుడు. రెండోది అత్త గొంతు.

"ఒసేయ్ డాక్టరమ్మా! నీ నీడ మళ్లీ సెలూన్ గడప మీద పడుకుంది. వచ్చి ఈడ్చుకుపో. లేకపోతే బకెట్టు నీళ్లు కుమ్మరిస్తా."

"కుమ్మరించు. ఇన్నేళ్లుగా కుమ్మరిస్తూనే ఉన్నావుగా, ఏమన్నా తడిసిందా?" అని లోపల్నించి జవాబు వచ్చేది.

ఈ మాటలకి ఎవరూ తలెత్తి చూసేవాళ్లు కారు. తండ్రి కొట్టు ముందు కూర్చుని ఉండలు కట్టిన పాత దూది విడదీస్తూ ఉండేవాడు. అన్న దబ్బనంలో దారం ఎక్కించి పరుపు అంచు కుట్టేవాడు. తండ్రికి అక్క అయిన ఆ అత్త బకెట్టు పట్టుకుని బయటికి నడిచేది. సెలూన్ ఆయన మాత్రం చేతిలో దువ్వెన ఆడిస్తూ అరిచేవాడు: "పొద్దున్నే నా గడపే దొరికిందా? గిరాకీ వచ్చే వేళ! నాకేం రోగం లేదని చెప్పండి దానికి!"

రోగం ఉన్న సంగతి వారం తిరక్కుండా తెలిసేది. అప్పుడు ఇంకా గట్టిగా తిట్టేవాడు.

ఆ పిల్ల పుట్టినప్పటినుంచీ అంతే. అందరి నీడలూ కాళ్లని అంటిపెట్టుకుని ఉంటే, ఆమె నీడ మాత్రం చుట్టుపక్కల ఎవరికి ఒంట్లో బాగా లేదో వాళ్ల పక్కకి పోయి పడుకునేది. ఇద్దరికి బాగా లేకపోతే, ఎవరికి తొందరో వాళ్ల దగ్గరికి ముందు పోయేది. డాక్టరమ్మ అన్నది వీధి పెట్టిన పేరు. ముద్దుతో పెట్టింది కాదు. తన గుమ్మంలో ఆ నల్లటి మనిషి ఆకారం పడుకుని ఉంటే ఎవరికి మాత్రం ముద్దొస్తుంది? కొందరు చీపురుతో ఊడ్చేవాళ్లు. కొందరు చెప్పుకాలితో తొక్కేవాళ్లు. ఆమె వెళ్లి, "పద, తిట్లు చాల్లే" అనేవరకూ అది లేచేది కాదు.

ఆమెకి ఎనిమిదేళ్లప్పుడు ఆ నీడ వంటింట్లో తల్లి పక్కన పడుకుంది. ఎంత పిలిచినా లేవలేదు. తల్లి ఒక చేత్తో కడుపు పట్టుకుని, ఇంకో చేత్తో పని చేసుకుంటూ, "ఏం లేదే, అదే తగ్గిపోతుంది" అంటూ తిరిగింది. ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. ఆ వారం దాటలేదు, తల్లి పోయింది. అన్నకి అప్పుడు పన్నెండేళ్లు. నీడే తల్లిని తీసుకుపోయిందని అత్త ఒక్కసారే అంది. వాడికి ఆ ఒక్కసారే చాలింది. అప్పటినుంచీ చెల్లెల్ని ఎదురుగా చూసి మాట్లాడలేదు. గోడకి చెప్పినట్టు పక్కకి చూసి తిట్టేవాడు.

పిల్లకి మాత్రం వేరే సంగతి అర్థమైంది. నీడకి ఎవరో తెలుసు. ఏమిటో తెలీదు. ఆ రెండోది చదువుకుంటే తప్ప రాదు. అందుకని దూది కుప్పల మధ్య కూర్చుని, జడ నిండా దూది పోగులతో చదివేది.

"లాటరీ తగిలిందనుకో, అప్పుడూ ఇలాగే పుస్తకాలు నములుతావా?" అని ఒకరోజు అన్న దబ్బనానికి చెప్పాడు. ఆ పొద్దున దారాల కొట్టువాడు చిల్లర లేదని తండ్రి చేతిలో లాటరీ టికెట్ పెట్టాడు. మాట దాని మీదికి పోయింది.

"అప్పుడూ చదువుతా."

"కోతలు! లేనివాళ్లు చదువుకుంటారు. ఉన్నవాళ్లు చదువుకున్నవాళ్లని పనిలో పెట్టుకుంటారు."

"నేను నీలాంటిదాన్ని కాను."

"అవును, కావు. మేం మనుషులం" అని అత్త అందుకుంది.

టికెట్ తగిలింది. మెడికల్ సీటు కూడా ఆ వారమే వచ్చింది. ముందు వచ్చింది లాటరీ కావడంతో రెండోదాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

అంతకుముందు తండ్రి ఒక పడకగది అంత కొట్టులో మనుషులకి మెత్తటి నిద్రలు కుట్టి ఇచ్చి, తను చాప మీద పడుకున్నవాడు. ఇప్పుడు ఊరి చివర కొత్త ఇల్లు కొన్నాడు. హాల్లో మాట్లాడితే మాట తిరిగొచ్చేంత పెద్ద ఇల్లు. దాని వెనకాలే ఒక నర్సింగ్ హోమ్ అమ్మకానికి ఉంటే అదీ కొన్నాడు. అది అన్న ఆలోచన.

"డాక్టరు అవడం దేనికి? డాక్టర్లకి యజమాని అవ్వమను. అది లోపలికి వస్తుంటే కోటు వేసుకున్నవాళ్లు లేచి నిలబడతారు" అన్నాడు కిటికీకేసి చూస్తూ.

తండ్రి మంచిగానే చెప్పాడు. మంచిగా చెప్పడమే ఎక్కువ బాధ. "నిన్ను డాక్టరు కమ్మని నేనెందుకు అన్నానే తల్లీ? నాలుగు రాళ్లు వస్తాయనే కదా. వచ్చాయి. ఇంకా శవాలు కోసే ఖర్మ నీకేంటి? ఈ కాగితం మీద సంతకం పెట్టు. నర్సింగ్ హోమ్ నీ పేరు మీద రాస్తా. కాలేజీకి వెళ్లనంటే చాలు."

"ఆలోచిస్తా" అంది ఆమె. ఆ మాట తన నోట్లోంచి వచ్చినందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది.

అన్న చేసిన ఇంకో పని చెప్పాలి. నీడ పడాలంటే వెలుగు ఒక వైపు నుంచే ఎక్కువగా రావాలి. అన్ని వైపుల నుంచీ సమానంగా వస్తే నీడకి చోటుండదు. బడికి వెళ్లిన ప్రతి పిల్లకీ తెలిసిన సంగతే ఇది. అన్న ఎలక్ట్రీషియన్ని పిలిపించి, "ఆ పిల్ల ఈ ఇంట్లో ఎక్కడ నిలబడ్డా నేల మీద నల్లటి చుక్క కూడా కనబడకూడదు" అన్నాడు. ఎలక్ట్రీషియన్ ఎందుకని అడగలేదు. కప్పుకీ, గోడలకీ, మెట్ల అంచులకీ, నేలలో గాజు పలకల కిందా దీపాలు పెట్టాడు. కిటికీలకి మందపాటి తెరలు వేయించారు. కారు అద్దాలకి నల్ల కాగితం అంటించారు.

నీడ మాయమైంది.

నిజం చెప్పాలంటే ఆమెకి హాయిగానే ఉంది. ఎవరూ ఆమె కోసం బకెట్టు ఎత్తలేదు. ఎక్కడో ఎవరి గడపలోనో తన ముక్క ఒకటి తిట్లు తింటోందన్న బరువు లేదు. మెత్తటి సోఫాలో కాళ్లు చాపి కూర్చునేది. అత్త కూడా "అమ్మాయ్" అనడం మొదలుపెట్టింది. అంతకుముందు "ఒసేయ్" అనేది.

నర్సింగ్ హోమ్‌లో పాత డాక్టరు ఒకాయన ఉండేవాడు. కొత్త యజమానికి మర్యాదగా రక్తపరీక్ష చేసి, "అయ్యా, మీకు చక్కెర వ్యాధి ఉంది. తిండి తగ్గించాలి" అన్నాడు.

అన్న బల్ల మీద కొట్టాడు. "మా డబ్బు తింటూ మా నాన్నకే రోగం అంటగడతావా? బయటికి నడువ్!"

ఆయన నడిచాడు. ఆయన కుర్చీలోకి కుర్ర డాక్టరు ఒకడు వచ్చాడు. ముందున్నాయన ఎందుకు పోయాడో బాగా విని వచ్చాడు. మళ్లీ పరీక్ష చేసి, "పెద్దాయనది ఇనుము లాంటి ఒళ్లండీ" అన్నాడు. అతనికి జీతం పెంచారు.

కాలేజీలో చేరడానికి మర్నాడే ఆఖరి రోజు అనగా, హాల్లో ఒక గోడ దీపాలు మిణుకుమిణుకుమంటున్నాయని ఎలక్ట్రీషియన్ వచ్చాడు. మెయిన్ ఆపి, పని చేసుకోవడానికి వెలుతురు కావాలని ఒక కిటికీ తెర బర్రున లాగాడు. మధ్యాహ్నపు ఎండ ఏటవాలుగా లోపలికి పడింది.

ఆమె కాళ్ల దగ్గర ఏదో కదిలింది. కాళ్లు బరువెక్కాయి. ఇన్నాళ్లూ ఎక్కడుందో గానీ నీడ నేల మీద పొడుగ్గా పరుచుకుంది, గాజు పలకలు దాటింది, తండ్రి కుర్చీ దగ్గర ఒక్క క్షణం ఆగింది, మళ్లీ కదిలింది. నేరుగా పోయి అన్న సోఫా పక్కన పడుకుంది.

అన్న కడుపు మీద దిండు అదిమిపెట్టుకుని కూర్చుని ఉన్నాడు. వాడి మొహం పాలిపోయింది.

"తియ్! దాన్ని తియ్ ఇక్కణ్నుంచి!" అని మడమతో తొక్కాడు. తొక్కిన ఊపుకి తనే మెలికలు తిరిగిపోయాడు.

"ఎప్పట్నించి నొప్పి?"

"నీకెందుకు? డాక్టరు చూశాడు. గ్యాస్ అన్నాడు."

"నువ్వు జీతం ఇచ్చేవాడు ఇంకేమంటాడు?"

"ఇది మొదలుపెట్టిందిరా నాయనోయ్!" అని అత్త లేచింది. "తల్లిని మింగింది చాల్లేదా? ఏదీ, బకెట్టేదీ?"

ఆ ఇంట్లో బకెట్టు ఎక్కడుంటుందో ఎవరికీ తెలీదు.

డాక్టరమ్మ బల్ల మీదున్న సంతకం కాగితం తీసింది. గొంతు కొట్టులో ఉన్నప్పటిలాగే ఉంది. "అన్నయ్యా, పందెం. ఇప్పుడే పెద్దాసుపత్రికి పోదాం. మనమెవరో తెలీనివాళ్లు చూడాలి. ఏమీ లేదన్నారనుకో, అక్కడే సంతకం పెడతా. సీటూ వద్దు, చదువూ వద్దు. ఈ దీపాల కిందే పడుంటా."

"ఉందంటే?"

"ఉందంటే నేను చెప్పేదేం లేదు. నాకు ఎవరో తెలుసు, ఏమిటో తెలీదు. అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు."

'అప్పుడు' అన్న మాటకి అన్న మొదటిసారి ఆమెకేసి నేరుగా చూశాడు. కోపంగానే చూశాడు.

"కలం తెచ్చుకో" అన్నాడు. "వెంటనే సంతకం పెట్టాలి."

పెద్దాసుపత్రి వరండా నిండా జనం. "మేం ఫలానా నర్సింగ్ హోమ్ వాళ్లం" అని తండ్రి చెప్పబోతే, లోపలున్న డాక్టరు తలెత్తకుండానే అరిచింది. "ఎవరైతే నాకేంటి? లైన్లో రండి!" ఆవిడ కళ్ల కింద నల్లటి చారలున్నాయి. ముందువాణ్ని తిట్టింది. వెనకవాణ్ని తిట్టింది. అన్న వంతు రాగానే, "చొక్కా ఎత్తు. కాళ్లు ముడువు. మాట్లాడకు" అంది. పొట్ట కింద కుడి పక్కన మెల్లగా నొక్కి, చటుక్కున చెయ్యి తీసేసింది.

"అమ్మా!" అని అరిచాడు అన్న. తల్లి పోయాక ఆ మాట ఎవరూ వాడి నోట వినలేదు.

"దీన్ని గ్యాస్ అన్న మహానుభావుడెవరు?" అని డాక్టరు మండిపడింది. "అపెండిక్స్. ఇంకొక్క రోజు ఆగి ఉంటే పగిలి కడుపంతా చీము పట్టేది. ఏయ్, స్ట్రెచర్!"

అన్నని ఆపరేషన్‌కి తోసుకుపోయారు. డాక్టరమ్మ వార్డులో ఖాళీ మంచం పక్కన నిలబడి, అలవాటుగా నీడ కోసం వెతికింది.

పొడుగాటి వార్డుకి ఒక చివర కిటికీ ఉంది. సాయంత్రపు ఎండ అక్కణ్నుంచే వస్తోంది. నీడ ఒకచోట లేదు. ఎవరి దగ్గరికని పోతుంది? అందరికీ అవసరమే. పేలికలు పేలికలుగా విడిపోయి, వరసగా ప్రతి మంచం పక్కనా సన్నగా పడుకుని ఉంది. ఇక అరుపులు మొదలవుతాయని ఆమె భుజాలు బిగించుకుంది. ఎవరూ అరవలేదు. చీపురుతో ఊడుస్తున్న ఆయా దాన్ని ఊడవకుండా చుట్టూ తిప్పి ఊడ్చింది. కాలికి కట్టుతో పడుకున్న ముసలాయన మంచం మీదినుంచి వంగి, తన చెప్పులు రెండూ పక్కకి జరిపాడు. "పాపం, సరిగ్గా పడుకోనీ" అన్నాడు.

ఆమె చేతిలో సంతకం కాగితం ఇంకా ఉంది. దాన్ని మడిచి, ఊగుతున్న మంచం కోడు కింద పెట్టింది. మంచం ఊగడం మానింది.

మర్నాడు పొద్దున ఆసుపత్రి నుంచే కాలేజీకి వెళ్లి చేరింది. వెళ్లేముందు అన్నకి చెప్పింది. వాడు కుట్ల మీద చెయ్యి పెట్టుకుని, కప్పు చూస్తూ, "గెలిచానని మురిసిపోకు. రెండు రోజులు ఆగితే దానంతటదే తగ్గేది" అన్నాడు. అంతే. తర్వాత ఒక్క ఉత్తరం లేదు, ఒక్క ఫోన్ లేదు.

మొదటి సెలవులకి ఆమె ఇంటికి వచ్చింది. ఎవరూ ఎదురు రాలేదు. తలుపు తీసిన అత్త, "వచ్చావా? అక్కడ తిండి పెట్టరా, పుల్లలా ఉన్నావు" అని విసురుగా లోపలికి పోయింది. ఆమె హాల్లోకి అడుగుపెట్టి ఆగిపోయింది. కిటికీలకి తెరలు లేవు. ఒక గోడ పొడుగునా దీపాలు ఊడదీసి ఉన్నాయి. నేలలో గాజు పలకల మీద పాత కొట్టులోని చాప పరిచి ఉంది.

"ఎవరు తీశారివి?"

"కరెంటు బిల్లు తగలడిపోతోంది. ఎవడు కడతాడు?" అన్నాడు అన్న, మొహానికి పేపరు అడ్డం పెట్టుకుని.

తండ్రి ఏదో వెతుక్కుంటున్నట్టు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. అత్త పనేమీ లేకపోయినా గుమ్మంలో నిలబడింది. ఎవరూ ఆమెని పలకరించలేదు. ఎవరూ అక్కణ్నుంచి కదల్లేదు కూడా.

నీడ ఆమె కాళ్ల దగ్గర్నుంచి మెల్లగా సాగింది. అన్న సోఫా పక్కగా పోయింది, ఆగలేదు. పేపరు వెనకాల ఒక నిట్టూర్పు వినిపించింది. నీడ చాప మీదుగా పోయి తండ్రి పాదాల పక్కన పడుకుంది.

అత్త గుమ్మంలోంచి ఒక అడుగు లోపలికి వేసింది.

డాక్టరమ్మ సంచీ కింద పెట్టి, తండ్రి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "పాత డాక్టరు చెప్పింది ఇదే, నాన్నా. ఈసారి ఏమిటో కూడా తెలుసు. ఎప్పట్నించి దాహం ఎక్కువగా ఉంటోంది?"

తండ్రి కంగారుగా కాళ్లు వెనక్కి లాక్కోబోయాడు. పేపరు కిందికి దిగింది.

"కాలు కదపకు నాన్నా" అన్నాడు అన్న కరుగ్గా. "దాన్ని చూడనీ."