యాభై మూడేళ్ళ పసికందు

ఈజిప్టులోని మల్లావీలో మా చర్చికి ఇరవై రెండేళ్ళుగా సిద్ధాంతం బోధిస్తున్నది నేనే. శుక్రవారం పూజ అయ్యాక పైగదిలో పెద్దవాళ్ళకు తరగతి. బోర్డు మీద ఎడమవైపు సిద్ధాంతం, కుడివైపు దానికి ఆధారమైన వాక్యం. త్రిత్వానికి మత్తయి చివరి అధ్యాయం, క్రీస్తు దైవత్వానికి యోహాను మొదటి అధ్యాయం, పునరుత్థానానికి కొరింథీయుల మొదటి పత్రికలో పదిహేనో అధ్యాయం. నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఒక్కరూ లేపి అడగలేదన్నదే నా దిగులు.

చర్చి రిజిస్టర్లూ నా చేతిలోనే ఉండేవి. ఆ పెద్దరికం నా నెత్తికెక్కింది. ఈస్టర్ వెళ్ళిన వారానికి బఖీత్ అనే ఇటుకబట్టీ కూలీ తన చిన్నకూతురి పెళ్ళి కాగితాల కోసం వచ్చాడు.

"అమ్మాయి బాప్తిస్మం పత్రం ఏదీ?" అన్నాను.

"పత్రం లేదు ఉస్తాద్. మఠం తిరునాళ్ళలో ఇచ్చారు. ఆ రోజు రెండొందల మంది పిల్లలు, ఎవరు రాసుకుంటారు? ఎత్తుకున్న మా అక్క ఉంది, పక్కన నిలబడ్డ మా బావ ఉన్నాడు. ఇద్దరూ గుండ్రాయిల్లా ఉన్నారు, పిలిపించనా?"

"మనుషులు మర్చిపోతారు బఖీత్. కాగితం మర్చిపోదు."

ఆ మాట నాకే ఎంత ముద్దొచ్చిందంటే, ఆ శుక్రవారం తరగతిలో మళ్ళీ చెప్పాను. బఖీత్‌ని మాత్రం ఆ మఠానికీ మా చర్చికీ మధ్య మూడుసార్లు తిప్పాను.

అంతలో పెంతెకొస్తు తర్వాత బిషప్ గారు వచ్చి కొందరికి డీకన్ పట్టం ఇస్తారని కబురొచ్చింది. జాబితాలో నా పేరుంది. తెల్ల అంగీ ముందే కుట్టించుకున్నాను. అందరూ బాప్తిస్మం పత్రాలు జతచేయాలన్నారు. నవ్వుకుంటూ నేను పుట్టిన ఏటి రిజిస్టరు తీశాను. నా బాబాయి కొడుకు పేరుంది. అంతకు రెండేళ్ళ ముందు పుస్తకంలో మా అన్న పేరూ ఉంది. నా పేరు లేదు. తరువాతి మూడేళ్ళ పుస్తకాలూ తిరగేశాను. ఎక్కడా లేదు.

మా మేనత్త ఇన్సాఫ్‌కి ఎనభై ఎనిమిదేళ్ళు. మేడ మీద రొట్టెపిండి ముద్దలు పొంగడానికి ఎండకు పెట్టి, కాకుల్ని తోలుతూ కూర్చుంది.

"నీ బాప్తిస్మమా? బయల్దేరిన రోజు నీకు ఒళ్ళు కాలిపోతోందిరా. తగ్గాక తెమ్మన్నారు ఫాదర్ గారు. తగ్గేలోపు మీ తాత పోయాడు. నలభై రోజులు గడిచాయో లేదో పత్తి తీతలొచ్చి పడ్డాయి."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత మీ అమ్మ చేయించేసిందనుకున్నా. మీ అమ్మేమో నేను చేయించాననుకుంది. నీ రెండో కూతురి బాప్తిస్మం రోజు మాటల్లో బయటపడింది. ఇద్దరం నోరు మూసుకున్నాం."

"నాకు చెప్పొచ్చుగా అత్తా?"

"అప్పటికే నువ్వు ఊరందరికీ పాఠాలు మొదలెట్టావు. మధ్యలో ఆపడం దేనికిలే అని."

వారం రోజులు ఎవరికీ చెప్పలేదు. నా ఖర్మ కాకపోతే ఆ శుక్రవారం పాఠం బాప్తిస్మమే. నీటివల్లా ఆత్మవల్లా పుట్టనివాడు దేవుని రాజ్యం చేరడని ప్రభువు నికొదేముకు చెప్పిన మాట కుడివైపు రాస్తుంటే సుద్దముక్క విరిగింది. ముసలివాడు మళ్ళీ ఎలా పుడతాడని నికొదేము అడిగిన ప్రశ్నకు ఏటా క్లాసంతా నవ్వేవాళ్ళం. ఈసారి నాకు నవ్వు రాలేదు. ఆదివారం కడుపునొప్పని ప్రభు భోజనం తీసుకోలేదు. ఇంటికొచ్చి మూడు గిన్నెల బీన్స్ తిన్నాను. "ఇదేం కడుపునొప్పి?" అంది మా ఆవిడ గలీలా. అప్పుడు చెప్పేశాను. "ఇంకా ఇక్కడే కూర్చున్నారేం? అబూనా దగ్గరికి వెళ్ళండి," అంది.

మా ఫాదర్ అబూనా అర్మానియూస్‌కి డెబ్భై దాటాయి. అంతా విని, గడ్డం నిమురుకున్నాడు. లోపల నవ్వుతున్నాడని నాకు తెలుసు.

"బాప్తిస్మం ఒక్కటేనని పౌలు ఎఫెసీయులకు రాశాడు కదా అబూనా. నాకు ఒకవేళ ఇచ్చేసి ఉంటే, రెండోసారి ఇస్తే తప్పు. రిజిస్టరు రాసినాయన మర్చిపోయి ఉండొచ్చు."

"కాగితం మర్చిపోదన్నావట కదా, బఖీత్‌తో."

వెంట తెచ్చిన రిజిస్టరు మూసేశాను.

"ఇద్దరు ముగ్గురు సాక్షుల నోట మాట నిలబడుతుందని మత్తయి పద్దెనిమిదిలో ఉంది. నీ బోర్డు మీద ఎప్పుడూ చూడలేదు. నిన్న ఆ అక్కనీ బావనీ పిలిపించి విన్నాను, బఖీత్ పని అయిపోయింది. నీకున్నది ఒక్క సాక్షి. ఆవిడా నీకు ఎదురే చెప్తోంది."

"నలభై ఐదేళ్ళుగా ప్రభువు శరీరం, రక్తం తీసుకుంటున్నాను. ఎంతో కొంత లోపలికి ఇంకి ఉండదా?"

"దేవుడి కృపకు కొలత పెట్టడానికి నేనెవర్ని ఫానూస్? కానీ నీకు రావలసింది ఇవ్వకుండా వదిలెయ్యను."

"పోనీ, దూరంగా ఏదైనా మఠంలో..."

"ఆదివారం ఇక్కడికే రా. ఇద్దరు పిల్లలున్నారు. నువ్వు మూడోవాడివి."

ఆదివారం వరసలో నిలబడ్డాను. నా ముందు నలభై రోజుల పిల్లాడు, ఎనభై రోజుల పిల్ల. పిల్లాడు బఖీత్ పెద్దకూతురి కొడుకు, అందుకని బఖీత్ కూడా వచ్చాడు. ముందు పడమటికి తిరిగి సైతానును తిరస్కరించాలి. పసివాళ్ళ తరఫున తల్లులు పలికారు. నేను చెయ్యి చాచి "సైతానా, నిన్ను విడిచిపెడుతున్నాను" అన్నాను. పడమటి గుమ్మంలో సరిగ్గా నా చేతికెదురుగా గలీలా నిలబడి ఉంది. ఇప్పటికీ పప్పులో ఉప్పు ఎక్కువైందని నేనంటే చాలు, "విడిచిపెట్టారుగా" అంటుంది.

తూర్పుకు తిరిగి విశ్వాసం ఒప్పుకున్నాను. సర్వశక్తిగల తండ్రి ఒక్కడే దేవుడని, ఆయన ఏకైక కుమారుణ్ణి, పరిశుద్ధాత్మను, శరీర పునరుత్థానాన్ని నమ్ముతున్నానని. వేలసార్లు ఇతరుల చేత పలికించిన మాటలే.

బాప్తిస్మపు తొట్టి పసిపిల్లలకు కట్టింది. పీట వేసుకుని ఎక్కి దిగితే సగం నీళ్ళు బయటికొచ్చాయి. మోకాళ్ళు గడ్డానికి ఆనించి కూర్చున్నా తల పైనే ఉంది. అబూనా ముసలి చేతులతో నొక్కాడు. నేను మునగలేదు.

"బఖీత్, కాస్త చెయ్యి వెయ్యి," అన్నాడు.

ఇటుకలు మోసిన చెయ్యి నా నెత్తిమీద పడింది. తండ్రి నామంలో ఒకసారి, కుమారుడి నామంలో ఒకసారి. ముక్కులోకి నీళ్ళు పోయాయి. పరిశుద్ధాత్మ నామంలో మూడోసారి ముంచినప్పుడు నాకు ఊపిరందలేదు. క్రీస్తుతో కూడా పాతిపెట్టబడి ఆయనతో లేస్తామని రోమీయుల పత్రిక ఆరో అధ్యాయం చెబుతుంది. ఇరవై రెండేళ్ళు ఆ ఆరు అంకె సరిగ్గా రాస్తే మార్కులేశాను. నీళ్ళ కింద ఏ అంకె కూడా గుర్తురాలేదు. చచ్చిపోతున్నాననే అనిపించింది. నన్ను పైకి లాగమని మాత్రం అడిగాను, లోపలే, ఎవరినో నాకు బాగా తెలుసు. అంతలో బఖీత్ చేతులు నా చంకల కిందికొచ్చి పైకి లాగాయి. ఏడ్చాను. ముఖమంతా తడే కాబట్టి ఎవరూ కనిపెట్టలేదు.

"అయిపోయింది ఉస్తాద్. ఊపిరి తీసుకోండి," అన్నాడు బఖీత్. ఎగతాళి చెయ్యలేదు. చేస్తే తేలికగా ఉండేది.

"నిన్ను మూడుసార్లు తిప్పాను. క్షమించు," అన్నాను దగ్గుతూ.

"నేనూ మూడుసార్లు ముంచాగా."

తైలాభిషేకమయ్యాక నడుముకు కట్టే ఎర్ర రిబ్బను నా పొట్ట చుట్టూ రాలేదు. గలీలా రెండు ముక్కలు ముడివేసి కట్టింది. ఆడవాళ్ళ సంతోషపు కూతల మధ్య చర్చి చుట్టూ ఊరేగించారు. బఖీత్ మనవడు తల్లి భుజం మీంచి నన్నే చూస్తూ వచ్చాడు, వీడెవడు ఇంత పెద్దగా ఉన్నాడన్నట్టు.

పట్టం ఎలాగూ వస్తుందని బిషప్ గారి కార్యాలయానికి కొత్త పత్రం పంపాను. వారంలో జవాబొచ్చింది. కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాడికి పదవి ఇవ్వకూడదని, ఇస్తే గర్వంతో పడిపోతాడని పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రిక, మూడో అధ్యాయం చూడమన్నారు. చూడనక్కర్లేదు. ఆ వాక్యం నేనే ముగ్గురికి చూపించి పట్టం జాబితాలోంచి వాళ్ళ పేర్లు కొట్టేయించాను.

శుక్రవారం తరగతికి వెళ్ళాలా మానాలా అని తెల్లవారినప్పటినుంచీ తటపటాయించి, వెళ్ళాను. పైగదిలో ఎన్నడూ లేనంత మంది. వెనక బెంచీలో పెళ్ళికూతురితో సహా బఖీత్ కుటుంబం. సుద్దముక్క తీసుకున్నాను. ముందు వరసలోని కుట్టుపని ఫౌజియా అడిగింది, "ఉస్తాద్, నీళ్ళల్లో ఎలా ఉంది?"

దానికి బోర్డు మీద కుడివైపు ఏం రాయాలో తోచలేదు. సుద్ద పక్కన పెట్టి బెంచీ మీద కూర్చున్నాను.

"మొదట బాగా భయమేసింది," అని మొదలుపెట్టాను.