లెక్క పెరిగింది

గొట్టం మీద పేరుండదు, నంబరే. అయినా అది తమ్ముడి రక్తమని అక్కకు తెలుసు. పొద్దున తన చేత్తోనే తీసింది. పన్నెండేళ్లుగా ఆసుపత్రి ల్యాబులో సీడీ ఫోర్ లెక్కలు తీయడమే ఆమె పని. ఒంటికి కాపలా కాసే కణాలవి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు అయిదువందలు దాటుతాయి.

మిషను ముప్పై ఎనిమిది చూపించింది. మళ్లీ పెడితే నలభై ఒకటి.

తమ్ముడు లిఫ్టు మెకానిక్. హెచ్‌ఐవీ ఉందని తెలిసి ఆరేళ్లు. మందుల వరసలో ఎవరైనా చూస్తారని రెండేళ్ల కిందట మానేశాడు. మెడ మీద గడ్డ నిమ్మకాయంత అయ్యాక గాని అక్క దగ్గరకు రాలేదు. ముక్క తీసి చూసి క్యాన్సరన్నారు.

"లెక్క వంద దాటితే గట్టి మందు ఇద్దామమ్మా," అన్నారు డాక్టరుగారు. "నేను చూసినంతలో అలాంటివాళ్లలో ఎక్కువమంది నిలబడ్డారు. యాభై లోపైతే ఆ మందే మింగేస్తుంది."

ముప్పై ఎనిమిదికి ముందు ఒకటి వేస్తే చాలు. పెన్ను చాలాసేపు ఆగింది. చివరికి ఉన్నదే రాసింది.

"ఎంతొచ్చిందక్కా?" అన్నాడు తమ్ముడు, వరండాలో బెంచీ మీంచి.

"ముప్పై ఎనిమిది."

"బళ్లో పాసు మార్కులు ముప్పై అయిదేగా. గట్టెక్కాను."

"మందులు మానేశానని ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయేదిరా?"

అతను తల వంచుకున్నాడు. "నీ మొహం చూడలేక."

సగం మోతాదుతో వైద్యం మొదలైంది. హెచ్‌ఐవీ మాత్రలు రోజూ ఆమే దగ్గరుండి మింగించింది. మూడు నెలలకు లెక్క నూట అరవై రెండు. కాగితం పట్టుకుని రెండంతస్తులు పరుగున ఎక్కింది. డాక్టరుగారు స్కాను చూస్తున్నారు.

"కణాలు కోలుకున్నాయమ్మా. కానీ గడ్డ ఆగలేదు. కాలేయందాకా పాకింది. ఇక గట్టి మందు ఇచ్చినా లాభం లేదు."

"లెక్క ఉంటే బతుకుతారన్నారు కదా సార్?"

"ఎక్కువమంది అన్నాను. అందరూ అనలేదు."

ఆ సాయంత్రం తమ్ముడు లెక్క అడిగితే చెప్పింది.

"అయితే నయమవుతున్నట్టేనా?"

"అవునురా," అంది. ఫలితం గురించి ఆమె అబద్ధమాడడం అదే మొదలు. పదకొండో రోజున అతను పోయాడు.

ఆమె తిరిగి పనిలోకి వచ్చిన రోజు కిటికీ దగ్గర ఒకావిడ కాగితం తీసుకుంది. "మా ఆయనకు రెండొందల పది. మంచిదేనా అమ్మా?"

మంచి అంకే. ఒకప్పుడైతే నవ్వుతూ అవుననేది.

"డాక్టరుగారిని అడగండి," అని తర్వాతి గొట్టం అందుకుంది.